దూరం ఒకటే కదా, వెళ్ళేటప్పుడు 8 గంటలు, వచ్చేటప్పుడు 7 గంటలు ఎలా?

మీరు అడిగింది ఇదీ: లండన్ హీత్రో నుంచి న్యూయార్క్ కెన్నడీ ఎయిర్‌పోర్టుకు దూరం ఒక సైటు 5,540 కిలోమీటర్లు అంటోంది, ఇంకో సైటు 5,555 అంటోంది. మొదటి సైటు ప్రయాణ సమయం 6 గంటల 39 నిమిషాలు అని కూడా చూపిస్తోంది. మీ టికెట్లో చూస్తే వెళ్ళడానికి 8 గంటలు, తిరిగి రావడానికి 7 గంటలు ఉంది. వీటిలో ఏది నమ్మాలి? కెన్నడీలో దిగిన 2 గంటలకు ఇంకో ఫ్లైట్ ఉంది, అది అందుతుందా?

టికెట్‌నే నమ్మండి. ఫ్లైట్ ప్లానింగ్ నా వృత్తి. ఏ దారిన వెళ్ళాలి, ఎంత ఇంధనం నింపాలి, ఎన్నింటికి చేరుతుంది అని లెక్క కట్టడమే రోజూ నా పని. ఆ అనుభవంతో చెప్తున్నాను, రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దూరం తెలిసినంత మాత్రాన ప్రయాణ సమయం తెలిసిపోదు. విమానం వెళ్ళేది నేల మీద కాదు, గాలిలో. ఆ గాలి ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది. మీ ప్రశ్నలో సగానికి పైగా జవాబు ఇక్కడే ఉంది. వివరంగా చెప్తాను.

ముందు ఆ 5,540 ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. భూమి గుండ్రంగా ఉంటుంది కాబట్టి దాని ఉపరితలం మీద రెండు చోట్ల మధ్య అతి దగ్గర దారి ఒక వంపు గీత. దాన్నే గ్రేట్ సర్కిల్ అంటారు. లెక్క మీరే చేసుకోవచ్చు. హీత్రో అక్షాంశం 51.47 ఉత్తరం, రేఖాంశం 0.45 పడమర. కెన్నడీ 40.64 ఉత్తరం, 73.78 పడమర. రెండు అక్షాంశాల సైన్ విలువలను గుణిస్తే 0.5095 వస్తుంది. రెండు కొసైన్ విలువలను గుణించి, దాన్ని రేఖాంశాల తేడా అయిన 73.33 డిగ్రీల కొసైన్‌తో మళ్ళీ గుణిస్తే 0.1356. రెండూ కలిపితే 0.6451. ఏ కోణానికి కొసైన్ ఇంత ఉంటుందో చూస్తే 49.83 డిగ్రీలు. భూగోళం మీద ఒక డిగ్రీ అంటే సుమారు 111.2 కిలోమీటర్లు. రెండూ గుణిస్తే 5,540 వచ్చేస్తుంది. ఏ కాలిక్యులేటర్ వెనకైనా ఉండేది ఇదే, లేదా దీని చుట్టం లాంటి ఇంకో సూత్రం.

మరి 5,555 ఎక్కడిది? పైన చేసిన లెక్క భూమిని 6,371 కిలోమీటర్ల వ్యాసార్థం ఉన్న నిఖార్సైన గోళం అనుకుంటుంది. నిజానికి భూమి ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుపోయి ఉంటుంది. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్థం 6,378 కిలోమీటర్లు, ధ్రువం దగ్గర 6,357. ఈ తేడాను లెక్కలోకి తీసుకునే సైటు 15 కిలోమీటర్లు ఎక్కువ చూపిస్తుంది. రెండూ తప్పు కాదు. ఆ 15 కిలోమీటర్లు విమానానికి ఒక్క నిమిషం పని. దాని గురించి బుర్ర పాడుచేసుకోవద్దు.

జాగ్రత్త పడాల్సింది యూనిట్ల దగ్గర. ఇదే దూరం మామూలు మైళ్ళలో 3,442, నాటికల్ మైళ్ళలో 2,991. నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు. విమానయానంలో అందరూ వాడేది నాటికల్ మైళ్ళే. కొన్ని సైట్లు ఉత్త ‘మైళ్ళు’ అని రాసి వదిలేస్తాయి. ఏ మైళ్ళో తెలియకుండా కిలోమీటర్లలోకి మార్చితే లెక్క 15 శాతం దాకా తేడా కొడుతుంది.

మ్యాప్ గురించి కూడా ఒక మాట. సీటు ముందున్న స్క్రీన్ మీద విమానం పైకి వంగి ఎందుకు వెళ్తోంది, తిన్నగా పోవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. అది తిన్నగానే వెళ్తోంది. గుండ్రటి భూమిని బల్లపరుపు కాగితం మీదికి తెచ్చినప్పుడు వంకర పడేది గీతే, దారి కాదు. టోక్యో నుంచి న్యూయార్క్‌కు అతి దగ్గర దారి అలాస్కా మీదుగా పోతుంది. ఒక గ్లోబు తీసుకుని రెండు ఊళ్ళ మీదా దారాన్ని బిగించి పట్టుకుంటే ఎవరికైనా అర్థమవుతుంది.

ఇది కాగితం మీది దూరం. విమానం అచ్చంగా ఆ గీత మీదే వెళ్ళడం అరుదు. టేకాఫ్ గాలి ఎటు వీస్తే అటు తిరిగి చేయాలి, అంటే కొన్నిసార్లు గమ్యానికి వ్యతిరేక దిశలో. ఆ తర్వాత నిర్ణయించిన మార్గంలోనే ఎయిర్‌పోర్టు నుంచి బయటపడాలి, అవతల కూడా నిర్ణయించిన మార్గంలోనే దిగాలి. మధ్యలో రాడార్ అందని అట్లాంటిక్ మీద ఎవరిష్టం వచ్చిన దారిన వాళ్ళు పోకుండా రోజుకు రెండుసార్లు వరుస ‘ట్రాకులు’ ప్రకటిస్తారు. పగలు పడమరకు వెళ్ళే విమానాలకు ఐరోపా వైపున షాన్‌విక్ ట్రాఫిక్ నియంత్రణ కేంద్రం, రాత్రి తూర్పుకు వచ్చే వాటికి కెనడా వైపున గాండర్ కేంద్రం. ఆ రోజు గాలి ఎలా ఉందో చూసి ఆ ట్రాకులు గీస్తారు కాబట్టి నిన్నటి దారి ఇవాళ ఉండదు. మామూలుగా కాగితం దూరానికి కొన్ని శాతం అదనంగా తిరగక తప్పదు.

కొన్నిసార్లు ఆ అదనం చాలా పెద్దదవుతుంది. హెల్సింకి, టోక్యోల మధ్య కాగితం దూరం సుమారు 7,800 కిలోమీటర్లే. 2022 ఫిబ్రవరి దాకా రష్యా మీదుగా తొమ్మిదిన్నర గంటల్లో చేరిపోయేవారు. యుక్రెయిన్ యుద్ధంతో ఆ గగనతలం మూతపడ్డాక ఉత్తర ధ్రువం వైపు నుంచో, దక్షిణాన చుట్టుదారిలోనో వెళ్ళాల్సి వచ్చి ప్రయాణం 13 గంటలకు చేరింది. రెండు ఎయిర్‌పోర్టులూ ఉన్నచోటే ఉన్నాయి, సైట్లలో దూరం ఒక్క కిలోమీటరు కూడా మారలేదు.

టిబెట్ పీఠభూమి మీదుగా విమానాలు పెద్దగా ఎందుకు పోవో కూడా ఇక్కడే చెప్తాను. క్యాబిన్‌లో ప్రెషర్ పోతే విమానం వెంటనే 10,000 అడుగులకు దిగాలి, ఎందుకంటే ప్రయాణికుల మాస్కుల్లో ఆక్సిజన్ చాలా రకాల విమానాల్లో 12 నుంచి 20 నిమిషాలే వస్తుంది. కింద నేలే 14,000, 15,000 అడుగుల ఎత్తున ఉంటే ఎక్కడికి దిగుతారు? అందుకే చుట్టూ తిరుగుతారు. రెండు ఇంజన్ల విమానాలకు ఇంకో నియమం ఉంది. ఒక ఇంజన్ ఆగినా మిగిలినదానితో ఇన్ని నిమిషాల్లో ఏదో ఒక ఎయిర్‌పోర్టు చేరేంత దూరంలోనే ఉండాలి. సముద్రాల మీద దారులు గీసేటప్పుడు దీన్నీ చూడాలి.

ఇక గాలి. అసలు విషయం ఇదే.

భూమి ఉత్తరార్ధంలోనైనా, దక్షిణార్ధంలోనైనా మధ్య అక్షాంశాల పైన, విమానాలు ఎగిరే 30,000 నుంచి 40,000 అడుగుల ఎత్తులో, పడమర నుంచి తూర్పుకు పెద్ద గాలి ప్రవాహాలు ఉంటాయి. జెట్ స్ట్రీమ్ అంటే అదే. ధ్రువాల వైపు చల్లగాలికీ ఇవతలి వెచ్చని గాలికీ ఉష్ణోగ్రతలో తేడా ఎంత ఎక్కువైతే అది అంత బలంగా వీస్తుంది. అందుకే చలికాలంలో దాని వేగం గంటకు 300 కిలోమీటర్లు దాటే రోజులుంటాయి. ఏటిలో పడవకు ఎలాగో విమానానికీ అలాగే. పడవ నీటితో పోల్చి ఎంత వేగంగా వెళ్తోందన్నది ఒకటి, గట్టుతో పోల్చి ఎంత వేగంగా వెళ్తోందన్నది వేరొకటి. విమానం వేగం చుట్టూ ఉన్న గాలితో పోల్చి చెప్పేది. నేల మీద అది ఎంత ముందుకు జరిగిందన్నది ఆ వేగానికి గాలి వేగం కలిపితేనో, తీసేస్తేనో వస్తుంది.

అంకెల్లో చూద్దాం. సులువుగా ఉండటానికి దూరం 5,400 కిలోమీటర్లు, విమానం వేగం గంటకు 900 అనుకోండి. గాలి లేకపోతే పోవడానికి 6 గంటలు, రావడానికి 6 గంటలు, మొత్తం 12. ఇప్పుడు దారి పొడవునా 100 కిలోమీటర్ల వేగంతో పడమటి గాలి ఉందనుకుందాం. పడమరకు వెళ్ళేటప్పుడు నేల మీద వేగం 800, అంటే 6 గంటల 45 నిమిషాలు. తూర్పుకు వచ్చేటప్పుడు 1,000, అంటే 5 గంటల 24 నిమిషాలు. మొత్తం 12 గంటల 9 నిమిషాలు. గాలి 200 అయితే పోవడానికి 7 గంటల 43 నిమిషాలు, రావడానికి 4 గంటల 55 నిమిషాలు, మొత్తం 12 గంటల 38 నిమిషాలు.

చూశారా? పోయేటప్పుడు కోల్పోయినంత వచ్చేటప్పుడు తిరిగి దక్కదు. కారణం తేలికే, ఎదురుగాలిలో ఎక్కువ సేపు ఉంటాం, వెనుకగాలిలో తక్కువ సేపే ఉంటాం. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళకు నేను మొదట చేయించే లెక్క ఇదే. రానూపోనూ గాలి సమమైపోతుందిలే అనుకునే వాళ్ళు ఇంధనం లెక్కలో దొరికిపోతారు.

అందుకే మేం నేల మీది దూరంతో పాటు ‘గాలిలో దూరం’ అని ఇంకో లెక్క వేస్తాం, అంటే విమానం తన చుట్టూ ఉన్న గాలిని ఎన్ని మైళ్ళు చీల్చుకుంటూ పోవాలన్నది. ఇంధనం ఖర్చయ్యేదీ, టైమ్ పట్టేదీ దాన్ని బట్టే. పై ఉదాహరణలో 100 కిలోమీటర్ల ఎదురుగాలి ఉంటే 5,400 కిలోమీటర్ల దారి విమానానికి 6,075 కిలోమీటర్లతో సమానం. నేల మీద పొడవైన దారి గాలిలో పొట్టిదయ్యే సందర్భాలు చాలా ఉంటాయి. దీనికి నాకు బాగా నచ్చే ఉదాహరణ ఢిల్లీ, శాన్‌ఫ్రాన్సిస్కో ఫ్లైట్. ఎయిర్ ఇండియా మొదట్లో దాన్ని అట్లాంటిక్ వైపు నుంచి నడిపేది, సుమారు 13,900 కిలోమీటర్లు, పైగా జెట్ స్ట్రీమ్‌కు ఎదురు. 2016 అక్టోబరులో దిక్కు మార్చి పసిఫిక్ మీదుగా తూర్పుకు పంపారు. దూరం 15,300 కిలోమీటర్లకు పెరిగింది. అయినా విమానం పద్నాలుగున్నర గంటల్లో చేరింది, పాత దారి కంటే సుమారు రెండు గంటలు ముందు. ఒక్క రూట్‌లో ఇంత స్పష్టంగా గాలి పనితనం కనబడటం అరుదు.

మీ రూట్‌లోనే ఇంకో ఉదాహరణ ఉంది. 2020 ఫిబ్రవరి 8 రాత్రి న్యూయార్క్ నుంచి బయల్దేరిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ బోయింగ్ 747 ఒకటి 4 గంటల 56 నిమిషాల్లో లండన్‌లో దిగింది. సియారా తుఫాను వల్ల జెట్ స్ట్రీమ్ విపరీతంగా బలపడిన రోజు అది. నేల మీద దాని వేగం ఒక దశలో గంటకు 1,300 కిలోమీటర్లు దాటింది. ధ్వని వేగాన్ని మించిపోయిందని అప్పుడు కొందరు రాశారు. మించలేదు. తన చుట్టూ ఉన్న గాలితో పోల్చితే అది ఎప్పటిలాగే మామూలు వేగంతో వెళ్తోంది. నిజంగా ధ్వనిని దాటి ఎగిరిన కాంకార్డ్ 1996లో ఇదే దారిని 2 గంటల 53 నిమిషాల లోపు పూర్తి చేసింది.

గాలి మాట వచ్చినప్పుడల్లా ఒక అపోహ కూడా వస్తుంది: భూమి తూర్పుకు తిరుగుతుంది కదా, మరి పడమరకు పోయే విమానానికి ఊరు ఎదురొచ్చి త్వరగా చేరాలి కదా అని. భూమితో పాటు దాని మీది గాలి కూడా తిరుగుతుంది. రన్‌వే మీద ఆగి ఉన్న విమానం కూడా తిరుగుతూనే ఉంది. కాబట్టి ఆ లెక్క పనికిరాదు. భూభ్రమణం ప్రభావం వేరే రకంగా ఉంటుంది, జెట్ స్ట్రీమ్‌ను పడమర నుంచి తూర్పుకు మళ్ళించే కారణాల్లో అదొకటి.

ఎదురుగాలి ఉంటే పైలట్ వేగం పెంచవచ్చు కదా అంటారు. కొంచెం పెంచుతారు, అంతే. ఆ ఎత్తులో మైనస్ 56 డిగ్రీల చలిలో ధ్వని వేగం గంటకు సుమారు 1,060 కిలోమీటర్లు. బోయింగ్ 777, 787, ఎయిర్‌బస్ ఎ350 లాంటి పెద్ద విమానాలు దానిలో 84, 85 శాతం దగ్గర ఎగురుతాయి, అంటే 900 చుట్టుపక్కల. ఎ320, 737 లాంటివి 78 శాతం దగ్గర, అంటే 830. ఇంకా పెంచబోతే ఇంధనం నీళ్ళలా ఖర్చవుతుంది, వచ్చే లాభం కొద్ది నిమిషాలే.

ఇక మీ సైటు చెప్పిన 6 గంటల 39 నిమిషాల సంగతి. అది చేసిన పని తేలిగ్గా పట్టుకోవచ్చు. 5,540ని 900తో భాగిస్తే 6 గంటల 9 నిమిషాలు, దానికి అరగంట కలిపింది. అందుకే పోవడానికైనా రావడానికైనా ఒకే జవాబు ఇస్తుంది. టికెట్ మీద ఉండేది అది కాదు, దాన్ని బ్లాక్ టైమ్ అంటాం. గేటు దగ్గర విమానాన్ని వెనక్కి నెట్టిన క్షణం నుంచి అవతల గేటు దగ్గర ఆగేదాకా పట్టే సమయం అన్నమాట. హీత్రో లాంటి చోట గేటు నుంచి రన్‌వే దాకా నెమ్మదిగా నడిపి, క్యూలో నిలబడి, పైకి లేచేసరికి 20 నుంచి 25 నిమిషాలు పోవచ్చు. దిగాక ఇంకో 10, 15. వీటికి తోడు ఎయిర్‌లైన్స్ పాత రికార్డులు చూసి, చాలా రోజులు సమయానికి చేరేలా కొంత అదనం కలుపుతాయి. అమెరికాలో 15 నిమిషాల లోపు ఆలస్యాన్ని ఆలస్యంగా లెక్కించరు. షెడ్యూలు వేసేవాళ్ళు ఆ గీతను కూడా దృష్టిలో పెట్టుకుంటారు.

దగ్గరి ఫ్లైట్లలో ఈ నేల మీది సమయమే పెద్ద భాగం. 500 కిలోమీటర్ల దూరం 830 వేగంతో లెక్కిస్తే 36 నిమిషాలైతే టికెట్లో గంటంబావు ఉంటుంది. అందులో అన్యాయమేమీ లేదు.

టికెట్లో ఉండే టైములు ఎప్పుడూ ఆయా ఊళ్ళ స్థానిక సమయాలే, ఇది మర్చిపోవద్దు. లండన్లో ఉదయం 11:00కు బయల్దేరి న్యూయార్క్‌లో మధ్యాహ్నం 2:00కు దిగితే 3 గంటల ప్రయాణంలా కనిపిస్తుంది, 5 గంటల తేడా కలిపితే 8. తిరుగు ప్రయాణం సాయంత్రం 7:00కు మొదలై మర్నాడు ఉదయం 7:00కు ముగిస్తే 12లా కనిపిస్తుంది, 5 తీసేస్తే 7. ఇందులో ఒక చిక్కుంది. అమెరికాలో వేసవి సమయం మార్చి రెండో ఆదివారం మొదలవుతుంది, బ్రిటన్‌లో మార్చి చివరి ఆదివారం. మళ్ళీ బ్రిటన్ అక్టోబరు చివరి ఆదివారం వెనక్కి జరుపుతుంది, అమెరికా నవంబరు మొదటి ఆదివారం. ఈ మధ్య రోజుల్లో తేడా 4 గంటలే. మీ ప్రయాణం ఆ వారాల్లో ఉంటే లెక్క సరిచూసుకోండి.

ఏదైనా రూట్‌కు ఉజ్జాయింపుగా టైమ్ కావాలంటే నేను చేసే పద్ధతి చెప్తాను. మధ్య అక్షాంశాల్లో పడమరకు పోయే పెద్ద ఫ్లైట్ అయితే కాగితం దూరాన్ని 750తో, తూర్పుకైతే 880తో భాగించి ముప్పావుగంట కలపండి. మీ రూట్‌కు 8 గంటల 8 నిమిషాలు, 7 గంటల 3 నిమిషాలు వస్తాయి, టికెట్‌కు ఎంత దగ్గరో చూడండి. ఉత్తర దక్షిణాలుగా పోయేవాటికి 820 వాడండి. గగనతలం మూసి ఉన్న రూట్లకు మాత్రం ఈ పద్ధతి పనిచేయదు. అంతకంటే మంచిది, విమానాల జాడ చూపించే ఫ్లైట్‌రాడార్24 సైటులోనో, ఫ్లైట్‌అవేర్‌లోనో మీ ఫ్లైట్ నంబరు కొట్టి గత కొద్ది రోజులు అది నిజంగా ఎన్నింటికి చేరిందో చూడటం. ఏ సూత్రం కన్నా అది నిజానికి దగ్గర.

దూరం లెక్క ఎందుకూ పనికిరాదని మాత్రం అనుకోకండి. ఐరోపా సమాఖ్య 2004 నాటి 261 నంబరు నియమం ప్రకారం ఫ్లైట్ రద్దయితే ఎంత పరిహారం రావాలన్నది 1,500, 3,500 కిలోమీటర్ల హద్దులను బట్టి ఉంటుంది. అక్కడ కొలిచేది గ్రేట్ సర్కిల్ దూరమే, విమానం ఎటు తిరిగి వెళ్ళిందన్నది కాదు.

ఇక మీ 2 గంటల కనెక్షన్. విదేశం నుంచి అమెరికాలో మొదట ఎక్కడ దిగితే అక్కడే ఇమిగ్రేషన్ పూర్తి చేయాలి, మామూలుగా లగేజీ తీసుకుని కస్టమ్స్ దాటి మళ్ళీ అప్పగించాలి. తర్వాతి ఫ్లైట్ వేరే టెర్మినల్లో ఉంటే కెన్నడీలో టెర్మినళ్ళ మధ్య తిరిగే ఎయిర్‌ట్రెయిన్ అనే రైలు ఎక్కి వెళ్ళి, మళ్ళీ సెక్యూరిటీ చెక్ చేయించుకోవాలి. బోర్డింగ్ గేటు బయల్దేరే టైముకు ముందే మూస్తారు కాబట్టి మీ చేతిలో ఉండేది నిజానికి గంటా నలభై నిమిషాలే. పైగా మీరు వెళ్ళేది పడమరకు, ఎదురుగాలి బలంగా ఉన్న రోజు అందులో అరగంట పోవడం వింతేమీ కాదు.

రెండు ఫ్లైట్లూ ఒకే బుకింగ్‌లో, ఒకే టెర్మినల్లో ఉంటే వెళ్ళండి. ఇరుకే గానీ మొదటి ఫ్లైట్ ఆలస్యమై రెండోది తప్పిపోతే తర్వాతి ఫ్లైట్లో పంపే బాధ్యత ఎయిర్‌లైన్‌దే. విడివిడిగా కొన్న టికెట్లయితే ఆ బాధ్యత ఎవరికీ ఉండదు, రెండో టికెట్ డబ్బు పోయినట్టే. అలాగైతే ఇప్పుడే రెండోదాన్ని మార్చుకుని కనీసం 4 గంటల వ్యవధి ఉంచుకోండి. ప్రయాణం డిసెంబరు, ఫిబ్రవరి మధ్య అయితే 5 గంటలు పెట్టుకోమంటాను.

మీ ఫ్లైట్ నంబర్లు, తేదీ, రెండూ ఒకే బుకింగా కాదా చెప్తే ఆ రూట్ గత చరిత్ర చూసి ఇంకా కచ్చితంగా చెప్పగలను.